ఫోను మీద నీడ

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే బస్సులో నా పక్కన కోడిపిల్లల గంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. నేను ఫోనులో ఒక గ్రూపులో పెట్టిన ఫొటో చూస్తూ, దాని కింద ఏదో రాసి చెరిపేస్తున్నాను. నీళ్లడుగున తీసిన సముద్రపు నత్తల ఫొటోలు చూసి అవి ఏ జాతివో పోల్చి చెప్పే గ్రూపు అది. చేరిన నాటి నుంచి చదవడమే తప్ప అక్కడ నేనెప్పుడూ నోరు విప్పలేదు.

"గిదేంది బిడ్డా, పువ్వా?"

"సముద్రంలో పాకే జీవి పెద్దమ్మా. అందరూ గుల్ల లేని నత్త అంటున్నరు. నాకైతే కాదనిపిస్తుంది."

"సముద్రం చూసినవా?"

"లేదు."

"చూడకుండనే కొట్లాటకు దిగినవా!" ఆమె పకపకా నవ్వింది. "ఎట్ల కాదో చెప్పు మరి."

"ఇట్లాంటి రంగుల నత్తకు వీపు మీద కుచ్చులాగ మొప్పలుంటయి. దీనికి లేవు. అంచు కూడ కాగితం లెక్క పలుచగుంది. ఇది నత్తలాగ కనబడే బల్లపరుపు పురుగు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గదే రాయి. జల్దీ రాయి, అడవిలకు పోతే సిగ్నల్ ఉండదు."

కిటికీలోంచి ఎండ పడి అక్షరాలు కనబడలేదు. నేను రాసి పంపేదాకా ఆమె కొంగు చాపి ఫోనుకు అడ్డంగా పట్టుకుంది. తర్వాత తన ఊరు రాగానే గంప ఎత్తుకుని దిగిపోయింది.

సాయంత్రం చూస్తే, ఫొటో పెట్టినాయన దాని పేరు నేను చెప్పినట్టే మార్చాడు. ఆ తర్వాత చాలా ఫొటోల కింద రాశాను, కొన్ని తప్పుగానూ చెప్పాను. ఇప్పటికీ పంపేముందు, ఎండ లేకపోయినా, నా ఎడమచేయి ఫోనుకు అడ్డం వెళుతుంది.