రాతిపువ్వుల కొండల్లో ఒక ఏడాది

హెలికాప్టర్ మమ్మల్ని బండల మీద దించి, ఓడ వైపు తిరిగి వెళ్లిపోయింది. డిసెంబరు నెల. మైనస్ నాలుగు డిగ్రీలు. ఆగ్నేయం నుంచి గాలి. అంటార్కిటికా అంటే అంతా మంచే అనుకొని వచ్చాను. కాళ్ల కింద మాత్రం గోధుమరంగు రాళ్లు, మా సిరిసిల్ల గుట్టల మీద ఉండేలాంటివే. దక్షిణాన ఆకాశం దాకా లేచిన మంచు దిబ్బ. ఉత్తరాన సముద్రం వరకు గడ్డకట్టిన మంచు. నడుమ ఈ కొండల వరుస, అందులో మన దేశపు స్థావరం. అవి తొంభైల మొదటి రోజులు.

నేను హవల్దారును, ఇంజన్ మెకానిక్‌ను. జనరేటర్లు, మంచు మీద నడిచే బండ్లు నా బాధ్యత. ఏడాది ఉండాలి. వేసవి ఉన్నన్నాళ్లు ఇంకో డ్యూటీ కూడా పడింది. లక్నో నుంచి ఒక వృక్షశాస్త్రవేత్త వచ్చారు. అందరం మేడమ్ అనేవాళ్లం.

"స్థావరం దాటి ఎవరూ ఒంటరిగా పోకూడదు. మేడమ్ వెంట నువ్వు వెళ్లు" అన్నాడు కమాండర్.

తాడు, మంచు గొడ్డలి, వాకీటాకీ, ఫ్లాస్కులో టీ, ఇనుపతీగతో చేసిన ఒక చదరపు చట్రం. అదీ మా సరంజామా. మేడమ్ చూపించిన రాయి మీద నేను చట్రం పెట్టి పట్టుకోవాలి. అందులో రాతికి అంటుకొని పెరిగే లైకెన్లు ఎన్ని రకాలు ఉన్నాయో, ఎంత మేర ఉన్నాయో ఆమె భూతద్దంతో చూసేవారు.

మొదటి రోజే ఒకదాన్ని గుర్తుపట్టాను. ఎండిన ఆకు ముక్కలా రాతిని ఒక్కచోట పట్టుకొని ఉంది.

"మేడమ్, ఇది రాతిపువ్వు. మా ఇంట్లో మసాలాలో వేస్తారు" అన్నాను హిందీలో.

ఆమె నవ్వారు. "మీ ఇంటి డబ్బాలో ఉన్నది దీని దూరపు చుట్టం. దీన్ని మాత్రం వండకు."

ఆ తర్వాత నా కళ్లు కూడా వెతకడం నేర్చాయి. అక్కడ ఎండ ఉత్తరం నుంచి పడుతుంది. ఉత్తరం వైపు బండల మీద లైకెన్లు ఎక్కువ. మంచు కరిగి నీళ్లు జారే చోట నల్లటి పొక్కుల్లా పరుచుకొని ఉండేవి. పగుళ్లలో బూడిదరంగు గడ్డం వెంట్రుకల్లా ఇంకొక రకం. స్కువా పక్షులు గూడు పెట్టే బండల కింద, వాటి రెట్టల సత్తువకు, పసుపు కొమ్ము విరిచినట్టు నారింజరంగు. గాలి నేరుగా కొట్టే వైపు రాయి నున్నగా, బోడిగా ఉండేది. ఈమధ్యే మంచు కిందినుంచి బయటపడ్డ రాళ్ల మీదా ఏమీ ఉండేది కాదు. అక్కడ కూడా చట్రం పెట్టించేవారు.

"ఏమీ లేదు కదా మేడమ్?"

"ఎక్కడ లేవో కూడా తెలియాలి" అనేవారు.

మా తమ్ముడు శంకర్ సంగతి ఆమెకే కాదు, నా యూనిట్‌లో ఎవరికీ తెలియదు. జగిత్యాలలో డిగ్రీ చదువుతూ ఒకరోజు హాస్టల్ గది తాళం దోస్తు చేతికిచ్చి అడవిలోకి పోయాడు. అప్పటినుంచి మా ఇంటికి రెండు వైపుల వాళ్లూ వచ్చేవారు. పోలీసులు చిన్నకొడుకు ఎక్కడని అడిగేవారు. అడవి నుంచి వచ్చినవాళ్లు పెద్దకొడుకును మిలిటరీ మానెయ్యమని చెప్పేవారు. అమ్మ ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, తెలియదనే చెప్పేది.

జనవరిలో ఒక ఆదివారం నాకు ఫోను వంతు వచ్చింది. రేడియో ద్వారా కలిపేవారు. ఒకరు మాట్లాడి 'ఓవర్' అంటేనే రెండోవాళ్లు మాట్లాడాలి. నా భార్య లక్ష్మి కోరుట్లలో పుట్టింటి పక్కనున్న బట్టల దుకాణంలో ఫోను దగ్గర కూర్చుంది.

"అమ్మ మంచిగున్నదా? ఓవర్."

"ఉన్నది. తమ్మున్ని తెచ్చిర్రు. ఓవర్."

నాకు ఒక్కసారిగా సంతోషం పొంగింది. "ఎప్పుడచ్చిండు? ఎట్లున్నడు? ఓవర్."

హోరులోంచి ఆమె గొంతు వచ్చింది.

"అచ్చుడు కాదు. తెచ్చిర్రు. గా చందుర్తి దిక్కు గుట్టలల్ల... అత్తమ్మనే అగ్గి పెట్టింది. ఓవర్."

"నేను బయలెల్లుత. ఓడ ఇంక పోలే. ఓవర్."

"అద్దు. నువ్వు రాకు. నీ గురించి గూడ అడుగుతున్నరు. ఈళ్లు అడుగుతున్నరు, ఆళ్లు అడుగుతున్నరు. గాడనే ఉండు. పాణం జర పైలం. ఓవర్."

రేడియో ఆపరేటర్ మలయాళీ. హెడ్‌ఫోను తీస్తూ, "ఇంట్లో అంతా బాగేనా?" అని హిందీలో అడిగాడు.

"బాగే" అన్నాను.

మర్నాడు మామూలుగానే మేడమ్ వెంట వెళ్లాను. మంచు దిబ్బ అంచున కొత్తగా బయటపడ్డ బండ మీద చట్రం పెట్టాను. ఆమె వంగి చూసి, "ఇక్కడ ఏమీ లేదు, తీసెయ్" అన్నారు. నా చేతులు తియ్యలేదు. ఆమె నా ముఖం చూశారు. చట్రం తీసి పక్కన పెట్టి, గాలి తగలని వైపు నన్ను కూర్చోబెట్టారు.

అప్పుడు మాట్లాడాను. హిందీ రాలేదు. అంతా తెలుగులోనే. శంకర్ చిన్నప్పుడు మగ్గం గుంటలో దాక్కోవడం, నూలు కండెలు చుట్టడం, నా మిలిటరీ బూట్లు వేసుకొని వాకిట్లో తిరగడం. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా మధ్యలో ఆపలేదు. వాకీటాకీ గరగరలాడింది.

"మేడమ్, గాలి పెరుగుతోంది. వెనక్కి రండి."

"పని మిగిలి ఉంది. కొంచెం ఆగి వస్తాం" అన్నారామె. పని ఏమీ మిగల్లేదు.

ఏమైందని ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. ఫిబ్రవరి చివర ఓడ ఎక్కేముందు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకొని, రంగు గుర్తు పెట్టిన బండల్ని శీతాకాలం తర్వాత ఒకసారి చూడమన్నారు.

ఆ తర్వాత చీకటి. సుమారు రెండు నెలలు సూర్యుడు రాలేదు. మైనస్ ముప్పై. తుపాను రోజుల్లో పక్క షెడ్డుకు పోవాలన్నా తాడు పట్టుకొనే నడవాలి. నేను జనరేటర్ గదిలోనే ఎక్కువ ఉండేవాణ్ని. ఇంజన్ హోరులో తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ వినబడదు. ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా లక్ష్మి "మంచిగున్నం, ఓవర్" అని మాత్రమే అనేది.

సూర్యుడు తిరిగొచ్చాక, స్థావరం డాక్టర్ని తోడు తీసుకొని ఆ బండల దగ్గరికి పోయాను. మంచు గోకితే నల్లటి పొక్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏడాదిలో అవి వెంట్రుకవాసి కూడా పెరగవని మేడమ్ చెప్పారు. నిజమే. ఒక్కటీ కదల్లేదు.

మరుసటి వేసవి ఓడలో వెనక్కి వచ్చాను. గోవా, అక్కడినుంచి రైలు, ఆఖరికి సిరిసిల్ల బస్సు. ఇంట్లో బ్యాగు దించి, "అమ్మా, తమ్మున్ని ఏడ కాలవెట్టిర్రో చూపెట్టు" అన్నాను.

మానేరు ఒడ్డుకు తీసుకుపోయింది. వానాకాలం వాగు వచ్చి పోయింది. ఎటు చూసినా కొత్త ఇసుక, ఒక్క గుర్తు లేదు.

"గీడ్నే కొడుకా" అని కూర్చుంది. ఇసుక తడిమి చూసింది. "కాదు, గాడ" అని లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుంది. అక్కడా కాదనుకుంది. చివరికి ఒకచోట ఆగిపోయి, పసివాడికి పక్క సర్దినట్టు ఆ ఇసుకను అరచేత్తో చదును చేస్తూ కూర్చుంది. ఎండ ఎక్కింది. నేను పక్కన నిలబడ్డాను. ఆ చెయ్యి ఆగలేదు.