లోపల కుంపటి లేదని చెప్పాను

ఆ బండిని ఫిఫ్త్ వీల్ అంటారని మా డ్రైవర్ చెప్పాడు. చుట్టూ తిరిగి లెక్కపెట్టాను, నాలుగే చక్రాలున్నాయి. ఐదోది పికప్ తొట్టిలో బిగించిన గుండ్రటి ఇనప పళ్లెమట, దానికి బండి మెడ తగిలించి లాక్కెళ్తారట. నాకు మాత్రం అది చక్రాలెక్కిన ఇల్లు. వంటగది, మంచం, స్నానాల గది, బటన్ నొక్కితే బయటికి జరిగి హాలును వెడల్పు చేసే గోడ, అన్నీ ఉన్నాయి. ఖతర్‌లో, దోహా పక్కన అబూ హమూర్‌లో నేను పనిచేసే ఇంటి యజమాని దాన్ని తన తల్లి కోసం కొన్నాడు. చలికాలమంతా అల్ రువైస్ దగ్గర సముద్రం ఒడ్డున గడపాలని ఆవిడ కోరిక. ఆవిడ కాపురం చేసింది ఆ ఒడ్డునే. భర్త చేపల పడవ నడిపేవాడు, ఒక చలికాలం పడవతో వెళ్లి తిరిగి రాలేదు.

ఇక్కడ పనివాళ్లం ఇంటి పెద్దావిడను ‘మామా’ అని పిలుస్తాం, అమ్మా అని. ఆ మాట నోటికి అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. ఆవిడకు గుండె బలహీనం. చలి తగలకూడదు, ఉలిక్కిపడకూడదు అని డాక్టరు చెప్పాడు. ఆవిడకేమైనా అయితే నన్నే అడుగుతానని యజమాని ముందే అన్నాడు. అనకపోయినా అడగాల్సింది నన్నే. ఆరేళ్లుగా ఆవిడకు అన్నం పెట్టింది, తల దువ్వింది, మాత్రలు మింగించింది నేను. నా కన్నతల్లికి కూడా అంత సేవ చేయలేదు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

యజమాని సెలవు రోజుల్లో వచ్చి వెళ్లేవాడు. మిగతా వారమంతా ఆ ఒడ్డున ముగ్గురమే ఉండేవాళ్లం. పెద్దావిడ, నేను, పక్కన చిన్న గుడారంలో డ్రైవర్. అతనిది రాయచోటి దగ్గర ఊరు, నన్ను అక్కా అంటాడు.

మొదటి నెల బండి లోపలికి దుమ్మే దుమ్ము. బయటికి జరిగే గోడ చుట్టూ ఉండే రబ్బరు చిరిగిపోయింది. ఉత్తరం గాలి వీచినప్పుడు ఆ చిరుగులోంచి ఈల వినబడేది, పెద్దావిడ పాదాలు మంచుగడ్డలయ్యేవి. వారంటీ ఉంది కాబట్టి డ్రైవరూ నేనూ బండిని దోహాలో ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాం. వంటసామాను నా పూచీ కనుక నేనూ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి మలయాళీ మెకానిక్ నెమ్మదస్తుడు, ముందు బండి నంబరు పలకను ఫోటో తీస్తాడు, తర్వాత పాడైన చోటును, తర్వాత తను చేసిన పనిని. ఫోటోలన్నీ ఎక్కడో దూరదేశంలో బండి తయారుచేసిన కంపెనీకి వెళ్తాయి, వాళ్లు ఒప్పుకుంటేనే సామాను వస్తుంది. పది రోజుల తర్వాత కొత్త రబ్బరు వేసి పంపారు. ఎంత బాగా వేశారంటే తలుపు మూస్తే చెవులు గుయ్యిమనేవి, సన్న గాలి కూడా దూరేది కాదు.

ఆ వారమే అలారం మొదలైంది.

అది తలుపు దగ్గర, నేలకు జానెడు ఎత్తులో ఉండే తెల్ల పెట్టె. మామూలుగా పచ్చ లైటు వెలుగుతుంది. అరిస్తే ఎర్ర లైటు. నాలుగు కూతలు కూసి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, మళ్లీ నాలుగు కూతలు. మొదటిసారి అరిచినప్పుడు పెద్దావిడ గుండె పట్టుకుని మంచం మీద ఒరిగిపోయింది. నా చేతిలో గిన్నె కింద పడింది. గ్యాస్ లీకైతే అరిచే పెట్టె అని డ్రైవర్ చెప్పాడు. మేం సిలిండర్ ఎప్పుడో కట్టేశాం, గ్యాస్‌తో నడిచే బండి హీటర్ చప్పుడు పెద్దావిడకు పడదు. గ్యాసే లేనప్పుడు అరుస్తోందంటే పెట్టె చెడిపోయినట్టేగా అనుకున్నాం.

హీటర్ లేదు కాబట్టి కుంపటి ఉండేది. మూడు కాళ్ల ఇత్తడి కుంపటి, ఆవిడ పెళ్లినాటిది. సాయంత్రం నమాజుకు ముందు బయట ఇసకలో బొగ్గులు రాజేసేదాన్ని. పొగంతా పోయి ఎర్రగా కణకణలాడేదాకా ఆగి అప్పుడు లోపలికి తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టేదాన్ని. పొగ లేదు కదా, ఇంకేం భయం అని నా తెలివి. దాని మీదే గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, కాచేదాన్ని, ఒక చిటికెడు బుఖూర్ వేస్తే సాంబ్రాణి వేసినట్టు గది నిండేది.

అలారం మార్పించడానికి వెళ్లే ముందురోజు యజమాని వచ్చి నేల చూశాడు. కుంపటి కాళ్లు మూడూ ప్లాస్టిక్ నేల మీద నల్లటి మచ్చలు చేశాయి. లోపల నిప్పు పెట్టినట్టు తెలిస్తే కంపెనీ వారంటీ కొట్టేస్తుందని ఆయన భయం. శుభ్రం చేయమన్నాడు, అడిగితే లేదని చెప్పమన్నాడు. నేను వెనిగర్ పోసి మోకాళ్ల మీద కూర్చుని తోమాను. బూడిద రేణువు లేకుండా తుడిచాను, పోని మచ్చల మీద చాప వేశాను. పని విషయంలో నాకు వంక పెట్టేవాళ్లు ఇంకా పుట్టలేదు.

వర్క్‌షాప్‌లో మెకానిక్ పెట్టెను విప్పుతూ నా వైపు చూశాడు. “అందర్ కుఛ్ జలాతే హో క్యా, దీదీ?” అన్నాడు. లోపల ఏమైనా కాలుస్తారా అని.

“మాఫీ,” అన్నాను. లేదని. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

కొత్త అలారం పెట్టారు. నాలుగో రోజు అదీ అరిచింది. మళ్లీ తోమాను, మళ్లీ తీసుకెళ్లాం, ఇంకోటి పెట్టారు. అదీ అరిచింది. ఈసారి మెకానిక్ దాన్ని తలుపులన్నీ తెరిచిన షెడ్‌లో రెండు రోజులు పరీక్షించి, లోపమేమీ లేదని రాసిచ్చాడు.

“ఇది మూడోతూరి అక్కా,” అన్నాడు డ్రైవర్ తిరిగొస్తూ. “ఆడ బాగనే ఉంటాది, ఈడికొస్తేనే కూస్తాది. ఈ తావులోనే ఏదో ఉండాది.”

“నీ బొంద. ఇసకా ఉప్పునీళ్లూ ఉన్నాయి,” అన్నాను. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట.

కానీ అప్పటికే పెద్దావిడ ఎదుటి సీటుతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను రెండు కప్పుల్లో గహ్వా పోస్తే, మూడోది ఏదని అడిగింది. ఎవరికి మామా అన్నాను. ఆవిడ సీటు వైపు గడ్డం ఎత్తి చూపించి, తలనొప్పిగా ఉందని కళ్లు మూసుకుంది. మర్నాడు ఆ సీటు మీద తువ్వాలు వేయమంది, ఆయన ఒళ్లంతా తడిగా ఉందట. ముసలావిడ ముచ్చట కదా అని వేశాను. పొద్దున తీసి చూస్తే తువ్వాలు తడిసి బరువుగా ఉంది. ఆ ఒడ్డున చలికాలం తేమకి గుడ్డలన్నీ అలాగే ఉంటాయి. అయినా దాన్ని మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతికాను.

ఆవిడ ఆ రోజుల్లో సంతోషంగా ఉండేది. ఆ మాట దాచను. సాయంత్రమవుతుంటే తల దువ్వమనేది, అత్తరు రాయమనేది. అలారం కూస్తే మాత్రం ఆయన లేచి వెళ్లిపోతున్నాడని ఏడ్చేది. ఎలాగూ చెడిపోయిన పెట్టే కదా అని ఒకరోజు నేనే దానికి ఉన్ని దుప్పటి ముక్క చుట్టి, తాడు కట్టి, పైన తువ్వాలు కుక్కాను. కూత ఎక్కడో పక్క ఊళ్లో కూసినట్టు వినబడేది. అయినా యజమాని ఊరుకోలేదు, వారంటీ ఉండగానే సంగతి తేల్చమని కంపెనీ మీద పడ్డాడు. మెకానిక్‌ను క్యాంప్‌కే పంపుతామని వాళ్లు ఒప్పుకున్నారు. ఏ రోజో చెప్పలేదు.

మా అక్క వచ్చింది అప్పుడే.

మా అక్క భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచేది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు. ఇంటికి రాగానే రెండు చేతులూ చంకల్లో దోపుకుని, ఒక మాటా పలుకూ లేకుండా పొయ్యి దగ్గర కూర్చునేది. వేళ్లు కదిలాకే మాట్లాడేది. నేను ఖతర్ వచ్చిన మూడో ఏడు జ్వరంతో పోయింది. పాడె మీద ఫోన్లో చూశాను, అదీ సిగ్నల్ తెగుతూ.

ఆ రోజు గాలి బాగా ఉంది. తలుపు గట్టిగా మూశాను, కుంపటి నిండా బొగ్గులు పోశాను. నీళ్ల ట్యాంకు నింపించడానికి డ్రైవర్ రువైస్ వెళ్లాడు. పెద్దావిడ ఎదుటి సీటును చూస్తూ పెదవులు కదుపుతోంది. నాకు తల దిమ్ముగా, కాళ్లు నావి కానట్టుగా ఉన్నాయి. పక్కకి చూస్తే అక్క. ఫ్యాక్టరీ వాళ్లిచ్చే నీలం కోటు, చేతులు చంకల్లో. నాకు భయం వేయలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. నేను జరిగి చోటిచ్చాను. అక్క చేతులు బయటికి తీసి కుంపటి మీద చాపింది. వేళ్లు కదలగానే మాట్లాడుతుంది, ఇంకొంచెం సేపు ఆగితే చాలు అనుకుంటూ కూర్చున్నాను.

తర్వాత నాకు గుర్తున్నది చెంప కింద చల్లటి ఇసక. మెకానిక్ ఆ సాయంత్రమే వచ్చాడు. తలుపు తడితే ఎవరూ పలకలేదట. తీసి చూస్తే పెద్దావిడ మంచం మీద, నేను సీటు మీద కళ్లు తెరుచుకునే ఉన్నామట. ఇద్దరినీ ఒక్కొక్కరిగా బయటికి లాగాడు. ఆ తర్వాత లోపలికెళ్లి, తువ్వాలూ దుప్పటీ విప్పాడు. పెట్టె అప్పటికీ కూస్తూనే ఉంది. నాలుగు కూతలు, ఆగి, మళ్లీ నాలుగు. మేము విననే లేదు.

“దీదీ, ఇది గ్యాస్ ఒక్కదానికే కాదు, బొగ్గుల విషపు గాలికి కూడా,” అన్నాడు తన హిందీలో. “దానికి వాసన ఉండదు, పొగ ఉండదు, తలకెక్కితే లేనివి కూడా కనిపిస్తాయి. మూడు పెట్టెలూ మంచివే.” అరిచాడా అంటే లేదు. కుంపటి వైపు ఒకసారి, చాప వైపు ఒకసారి చూశాడంతే. ఆయన అడిగిన రోజు నేను నిజం చెప్పి ఉంటే పోయేది ఒక వారంటీ కాగితం. చెప్పనందుకు ఒక ప్రాణం పోబోయింది. దానికి నేను సాకు వెతకను.

పెద్దావిడ ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది, బతికింది. గుండె ఇంకోసారి ఇలాంటిది తట్టుకోదని డాక్టరు కొడుకుతో చెప్పాడు. ఆయన వచ్చి చాప ఎత్తి ఆ మూడు మచ్చలూ చూశాడు. తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

ఇంటికొచ్చాక ఆవిడ తిండి మానేసింది. సముద్రం దగ్గరికి తీసుకెళ్తేనే తింటానంది. రెండు వారాలు చూసి యజమాని ఒప్పుకున్నాడు. కరెంటు హీటర్ పెట్టించాడు, మంచం దగ్గర రెండో అలారం పెట్టించాడు. కుంపటి ఇక బయటే, ఇసకలోనే.

వెళ్లిన మూడో సాయంత్రం. గాలి మళ్లీ ఉత్తరం నుంచే. పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

“బింతీ, ఆయన రావడం లేదు,” అంది. బింతీ అంటే కూతురా అని. “ఆ పెట్టెలకి గుడ్డ చుట్టు. నిప్పులు లోపలికి తే.”

“చచ్చిపోతాం మామా.”

“నేనెలాగూ పోతాను. ఒక్కసారి చాలు.” మోకాళ్ల మీద శాలువా సర్దుకుంది. “నీ మనిషికీ చలేస్తోంది.”

“నా మనిషెవరు?”

“నీ పక్కన కూర్చునేది. నువ్వు జరిగి చోటిచ్చావుగా.” ఆవిడ చేతులు రెండూ తన చంకల్లో దోపుకుని చూపించింది. “ఇలా కూర్చుంది, పాపం. వేళ్లు చచ్చిపోయాయి దానికి.”

అక్క సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, డ్రైవర్‌కి కూడా. మత్తులో నేనే వాగి ఉంటాననుకున్నాను. మత్తులో వాగితే తెలుగులో వాగుతాను, ఆవిడకు తెలుగు ముక్క రాదు.

బయటికి వెళ్లాను. కుంపటిలో బొగ్గులు సరిగ్గా అదనులో ఉన్నాయి, పొగ లేదు, కణకణ. మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని ఎత్తాను. ఆ వేడి మొహానికి తగులుతుంటే రెండు మెట్లు ఎక్కాను. తలుపు సందులోంచి పచ్చ లైటు కనిపించింది.

“అక్కా, యాడికి తీస్కపోతాండావు?” గుడారం దగ్గర నుంచి డ్రైవర్ అడిగాడు.

“ఎక్కడికీ లేదు తమ్ముడూ,” అన్నాను. మెట్లు దిగి కుంపటి ఇసకలో పెట్టాను. “బకెట్‌తో నీళ్లు తే.”

నీళ్లు నేనే పోశాను. బొగ్గులు చుయ్యిమని నల్లబడేదాకా పోశాను. అక్కకు చలేస్తుందని తెలిసే పోశాను.

లోపలికెళ్లి, బొగ్గులు అయిపోయాయని చెప్పాను. “మాఫీ, మామా,” అన్నాను, మెకానిక్‌తో చెప్పినట్టే. ఆవిడ నమ్మలేదు, నీళ్ల చప్పుడు విన్నది. నేను వెళ్లి సీటు మీద కూర్చున్నాక, తన మోకాళ్ల మీది శాలువా తీసి, వంగి, నా పక్కన ఖాళీగా ఉన్న చోట కప్పింది. అంచులు జాగ్రత్తగా లోపలికి దోపింది.

నేను ఇంకొంచెం జరిగి కూర్చున్నాను.