కంచె మీది దూలగొండి: బాపట్ల నుంచి రేపల్లె దాకా

చిన్నప్పుడు మా తాతయ్య నాకు దూలగొండి అని పేరు పెట్టాడు. తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే తీగ అది. మొన్న మా తమ్ముడు మా అమ్మాయిని "అచ్చం మీ అమ్మే, దూలగొండివి!" అనేసరికి పిల్ల ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పేరు నాతోనే ఆగిపోవాలి. అసలెందుకు పెట్టారో తేల్చుకుందామని పిట్టలవానిపాలెం దగ్గరున్న పెద్దమ్మ ఇంటికి బయల్దేరాను.

తెనాలిలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే బాపట్ల గంట ప్రయాణం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి కూర్చున్నాను. కోసిన వరి చేలల్లో మినుము పచ్చగా మొలిచింది. ఈ వైపు దూలగొండి ఎక్కడ కనబడుతుందని డ్రైవర్‌ని అడిగాను.

"కావాలని దాని దగ్గరికి ఎవరన్నా పోతారా అక్కా!" అని నవ్వాడు.

తీరా చూస్తే అది పెద్దమ్మ దొడ్డి కంచె మీదే ఉంది. గోధుమరంగు నూగుతో కాయలు ముఖమల్ గుడ్డలా ముద్దొస్తున్నాయి. ఫొటో కోసం ఒక గుత్తి పక్కకి జరిపానో లేదో, చెయ్యి భగ్గుమంది. కుళాయి వైపు పరిగెత్తబోతే పెద్దమ్మ రెక్క పట్టుకుంది.

"నీళ్లు పొయ్యమాకే! గోకావంటే ఇంకా పాకుద్ది."

పచ్చి పేడ తెచ్చి మోచేతి దాకా పట్టించింది. అది ఆరి పెచ్చులూడేటప్పుడు నూగు కూడా ఊడి వస్తుందట. ఆ అవతారంలోనే అరుగు మీద కూర్చుని పేరు సంగతి అడిగాను.

"దూలంటే దురదే. తేలుకి కొండి ఉంటదిగా, అట్టా కుట్టుద్దని దూలగొండి అన్నారని మా నాన్న చెప్పేవాడు."

నిఘంటువులు ఏమంటాయో తెలియదు కానీ, నా చేతికి మాత్రం ఆ మాట సరిపోయింది.

"మరి ఇంత పాడు తీగని ఎందుకు ఉంచావు పెద్దమ్మా?"

"పాడేంటే? లోపల కూరపాదులున్నయ్. ఇది ఉండబట్టే గేదె రాదు, దొంగ రాడు. మీ తమ్ముడు పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గరికి నన్ను కూడా రానియ్యలా నువ్వు. చెయ్యి కొరికావు. అది చూసి మురిసిపోయి పెట్టాడే మా నాన్న ఆ పేరు."

ఇన్నేళ్ల ఉడుకుమోతుతనం ఒక్కసారిగా చల్లారింది. పేడ చేత్తోనే పెద్దమ్మని వాటేసుకోబోయి తిట్లు తిన్నాను.

తిరుగు ప్రయాణానికి రేపల్లె బస్సెక్కి, అక్కణ్ణుంచి తెనాలి రైలు పట్టుకున్నాను. వెళ్లిన దారినే రాకుండా ఇలా చుట్టి వస్తే డెల్టా అంతా చూసినట్టుంటుంది. చలికాలంలో వెళ్లేవాళ్లు మాత్రం కంచెల మీది నూగుకాయల జోలికి పోకండి. పొరపాటున తగిలితే గోకకుండా, అంటుకునే టేపుతో ముందు నూగు లాగేయండి. కొన్ని పేర్లు కూడా అంతే, ఊరికే గోక్కుంటే మంట పెరుగుతుంది.

ఇంటికి రాగానే మా అమ్మాయికి అంతా చెప్పాను. వెంటనే నా ఫోన్ తీసుకుని మా తమ్ముడికి చేసింది.

"మావయ్యా, నన్ను ఆ పేరుతో ఇంకోసారి పిలువు. ఈసారి ఏడవనులే."