తాళాల బాబాయి దివాలా అర్జీ

మా బాబాయిది తాళాల షాపు. కన్నతల్లి మంచినీళ్లిచ్చినా వాసన చూసి తాగే రకం. పిన్ని పోయాక ఇంటి రెండో తాళంచెవి సొంత తమ్ముడికి కూడా ఇవ్వలేదు, నాకిచ్చాడు. అన్న కూతురంటే అంత నమ్మకం మరి!

అంకెలు నొక్కితే తెరుచుకునే తాళాలొచ్చాక షాపు పడుకుంది, అప్పులు మాత్రం లేచి కూర్చున్నాయి. ఇల్లు కూడా తాకట్టులో ఉంది. నేనే పోరుపెట్టి లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"అప్పులు కొట్టేసే ఈ కొత్తరకం దివాలా అర్జీ ఇదివరకు పెద్ద కంపెనీలకే. ఇప్పుడు చట్టం మార్చారు. చిన్న షాపులవాళ్లు, మామూలు మనుషులు కూడా పెట్టుకోవచ్చు. ఉన్నవన్నీ జాబితా రాసివ్వాలి, కానీ పొట్టపోసుకునే పనిముట్ల జోలికి రారు. ఏదైనా దాచారని తేలితే మాత్రం అర్హత పోతుంది" అని ఆవిడ విడమరిచి చెప్పింది.

మెట్లు దిగుతూనే బాబాయి మొదలుపెట్టాడు. "ఊరికే ఎవడు కొట్టేస్తాడే అప్పు? ఇందులో ఏదో మెలికుంది."

మర్నాడు తాళంచెవులు కోసే మిషను దుప్పట్లో చుట్టి మోసుకొచ్చి, మా మంచం కిందకి తోశాడు.

"పనిముట్లు ముట్టుకోరని చెప్పింది కదా బాబాయ్!"

"ముట్టుకోనివాళ్లకి జాబితా ఎందుకే?"

బయటికి కనిపిస్తున్న దుప్పటి అంచు నేనే లోపలికి నెట్టాను, నా ఖర్మ.

గొణుక్కుంటూనే అర్జీ పెట్టాక, కోర్టు తరఫున ఒకావిడ షాపు చూడ్డానికొచ్చింది. నేనూ వెళ్లాను. బల్ల మీద నాలుగు స్క్రూల బెజ్జాలు, వాటి చుట్టూ ఇత్తడి పొడి.

"ఇక్కడి మిషను ఏదండీ?"

"అమ్మేశాను" అన్నాడు బాబాయి.

"ఎవరికి?"

బాబాయి నావైపు చూశాడు. నోరెత్తావో చూడు అన్నట్టుంది ఆ చూపు. దాచాడని ఆవిడ రాస్తే అర్జీ పోతుంది, షాపూ ఇల్లూ అప్పులవాళ్ల పాలు.

"మా ఇంట్లో ఉందండీ, మంచం కింద" అనేశాను.

ఆవిడ పెన్ను ఆపింది. "నేను జాబితా మీద సంతకం పెట్టకముందే చెప్పారు, బతికిపోయారు. ఇవాళే తెచ్చి పెట్టండి" అంది.

అర్జీ నిలబడింది. మిషను మళ్లీ బల్లెక్కింది. ఎవరూ ముట్టుకోలేదు.

బాబాయి నన్నడిగింది ఒక్కటే. "ఎంతిచ్చారే నీకు?"

ఒళ్లు మండిపోయింది. వారం రోజులు అటు తొంగిచూడలేదు. తర్వాత మనసాగక, ఆయన షాపులో ఉన్న వేళ చూసి, ఇంట్లో పెట్టొద్దామని కూర గిన్నె పట్టుకెళ్లాను. నా తాళంచెవి పెట్టి తిప్పాను. తిరగలేదు. వంగి చూస్తే కొత్త తాళం.

దాని చెవి ఆ మిషను మీదే కోసుంటాడు.