మడమ కింద రబ్బరు

“ఒక ఆట ఇడిసిపెట్టుమని మంచిగనే చెప్తున్న గదనే చెల్లె. రెండిటికి ఆశపడ్డోని గతి ఏమైందో నా కాలు జూస్తే ఎరుకైతది.”

“నీ కాలు సంగతి వేరే అన్నా. పిల్లనెందుకు బెదిరిస్తవు?”

“వేరే ఏంది? పొద్దుగాల ఫుట్‌బాల్, పొద్దుమీకి బాస్కెట్‌బాల్. కాళ్లల్ల జీవం అయిపోయింది, పడ్డ. గంతే.”

“గంతే కాదు” అన్నాను నేను.

మొఘల్‌పురాలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అన్నాల తర్వాత జరిగిన లొల్లి ఇది. మా నర్సింగన్నకు డెబ్బై ఐదేళ్లు. కొడుకు బండి మీద చాంద్రాయణగుట్ట నుంచి తెచ్చి దింపితే ఆదివారం పూట మా ఇంట్లోనే తింటాడు. నా మనవరాలు శ్రావణి తొమ్మిదో తరగతి. బళ్లో రెండు ఆటలూ ఆడుతుంది. జట్ల ఎంపికకు సోమవారం పొద్దున పేరివ్వాలి, ఒక ఆటకైనా సరే, రెండింటికైనా సరే. రెండూ ఆడగలవని ఆటల సారు అన్నాడట. పిల్లకు రెండూ కావాలి. ఆ మాట తాతకు చెప్పి మురిపించాలని పక్కన కూర్చుంటే, ఆయన తన కుడికాలు చాపి చూపించాడు. ఎండకు గది వేడెక్కి, గడప దగ్గర విడిచిన పిల్ల బూట్ల రబ్బరు వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ వాసన నాకు పడదు.

మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన ఇంటికొస్తుంటే ముందు టైర్ల వాసన వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు. చింతపండు రెండోసారి పిసికి ఆ పిప్పితో ఇత్తడి చెంబులు తోమేవాళ్లం, బాపు చొక్కా చిరిగితే అన్నకు, అన్నకు చిరిగితే నాకు లంగా అంచుకు, అదీ పోతే పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డకు. మూడో తరగతితో నన్ను బడి మాన్పించి ఇంటి పనిలో పెట్టారు గనుక ఈ పొదుపంతా నా చేతి మీదుగానే నడిచేది. అందులో నాకు గొప్ప కూడా ఉండేది.

అన్న ఆటలు రుతువుల్ని బట్టి నడిచేవి. ఆషాఢంలో బోనాల డప్పులు మొదలై, తొలి వానలకు నేల మెత్తబడగానే ఫుట్‌బాల్. మోకాళ్లదాకా బురదతో వచ్చి, గడప బయటే నిలబడి నాచేత నీళ్లు పోయించుకుని, మక్క గారెలు నిలబడే తినేవాడు. సద్దుల బతుకమ్మ నాడు మేం ఆడుతుంటే సత్తుపిండి ముద్దలు రెండు చేతుల్లో పెట్టుకుని మళ్లీ మైదానానికే. చలి పోయి ఎండ ముదిరితే బాస్కెట్‌బాల్. బడి వెనక సిమెంటు బండ మీద, సాయంత్రం దాని వేడి తగ్గేదాకా కాచుకుని, చీకట్లు ముసిరేదాకా ఆడేవాళ్లు. గల్లీ పోరగాళ్లు నవ్వేవాళ్లు, గోల్ ముందు బంతిని తలతో కొట్టడానికి ఎగిరితే బుట్టలో వేసేటట్టు ఎగురుతాడని, బుట్ట కింద బంతి జారితే చెయ్యి పెట్టకుండా కాలు పెడతాడని. “అరె నర్సింగ్ భాయ్, తేరే కో చార్ హాత్ హై క్యా”, నీకేమన్నా నాలుగు చేతులున్నాయా అని పక్క గల్లీ జట్టువాళ్లు అంటుంటే విని నేను ఇంటికొచ్చి అమ్మకు చెప్పేదాన్ని.

ఆటలు రెండు గాని బూట్లు ఒకటే జత. తోలు బూట్లు, బురదలో జారకుండా అడుగున తోలు బిళ్లలు మేకులతో కొట్టి ఉండేవి. ఎండాకాలం రాగానే మలుపు దగ్గర కూర్చునే సాయిలు తాత ఆ బిళ్లలు పీకి, బాపు డిపో నుంచి తెచ్చిన పాత టైరు ముక్క కోసి అడుగంతా కుట్టేవాడు. వానలు రాగానే రబ్బరు విప్పి మళ్లీ బిళ్లలు. ఇంకో జత కొనమని అన్న ఏనాడూ అడగలేదు.

నాకు పదేళ్లు, అన్నకు పద్దెనిమిది. శివరాత్రి పోయిన కొత్తల్లో ఒక పెద్ద కార్ఖానావాళ్లు తమ జట్లకు ఆటగాళ్లను ఎంచుతామన్నారు. ఎంపికైతే నౌకరీ. రెండు ఆటలూ ఆడేవాడు దొరికితే ఇంకా మంచిదన్నారు. ఒక్కరోజే, పొద్దున ఫుట్‌బాల్, సాయంత్రం బాస్కెట్‌బాల్. పొద్దున అన్న రెండు గోల్స్ కొట్టాడు. వాళ్లు పేరు రాసుకున్నారు. మధ్యాహ్నం అన్న ఒట్టికాళ్లతో జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందేసుకుని కూర్చుని, బూట్లూ టైరు ముక్కా నా చేతికిచ్చి సాయిలు తాత దగ్గరికి ఉరికించాడు.

దారిలో ఆ రబ్బరు ముక్కను చూసుకున్నాను. మంచి మందమైన ముక్క. అమ్మ చెప్పుల అడుగులు అరిగి నేల తగిలేవి, బజారుకు పోయొచ్చి కాళ్లు కడుక్కుంటూ అబ్బా అనేది. బూట్లకు ముందుభాగం వరకే వేస్తే, మిగిలింది అమ్మ చెప్పులకు సరిగ్గా సరిపోతుందని నాకు లెక్క తట్టింది. సాయిలు తాతకు అదే చెప్పాను.

“మడమకు గూడ ఎయ్యాలె బిడ్డా. బండ మీద తోలు జారుతది.”

“ఎగిరేది ముంగటి కాలుతోని గద తాతా. మడమతోని ఎవలన్న ఎగురుతరా?”

ఆయన నవ్వి, నేను చెప్పినట్టే కోశాడు. ఎగిరినవాడు దిగేటప్పుడు మడమ కూడా ఆనుతుందని నాకు తెలియదు. ఆయనకు తెలుసు, కాని ఇంటివాళ్లే అలా చెప్పి పంపారు గదా అనుకున్నాడేమో.

నేను బండ దగ్గరికి చేరేసరికి అన్న పేరు పిలుస్తున్నారు. అడుగు చూడకుండానే తొడుక్కున్నాడు. అయిదు నిమిషాలు ఆడాడో లేదో, బుట్ట కింద ఎగిరి బంతి వేసి దిగుతుంటే కుడి మడమ జర్రున జారి మోకాలు పక్కకు మడత పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. బంతి బుట్టలో పడిందని ఎవరో చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

కట్లు కట్టించారు, పసర్లు పోయించారు. మోకాలు మళ్లీ నిలబడలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిండని బాపు అన్నాడు, చూడవచ్చినవాళ్లంతా అదే అన్నారు, మూడు నెలలు మంచంలో పడుకుని అన్న కూడా అదే అనడం నేర్చుకున్నాడు. బూట్ల అడుగు ఎవరూ తిప్పి చూడలేదు. నేను చూపించలేదు. అమ్మ మాత్రం ఆ మిగిలిన రబ్బరు కుట్టిన చెప్పులు తొడుక్కుని, నా బిడ్డ ఎంత తెలివిగలదో అని వాడలో అందరికీ చెప్పుకుంది. నాలుగేళ్లు వాటితోనే నడిచింది.

అన్న చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో చేరాడు, కూర్చుని చేసే పని గనుక. ముసలితనం వచ్చేదాకా పరుపు మీద కాలు చాపుకుని ఆడవాళ్ల చేతులకు గాజులు ఎక్కించాడు. ఆ మైదానం ఇప్పుడు ఫంక్షన్ హాలు. సిమెంటు బండ మీద స్కూటర్లు నిలుపుతారు. సాయిలు తాత కూర్చున్న మలుపులో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. గల్లీలో రెండు ఆటలు కాదు, ఒక్క ఆటకు కూడా చోటు లేదు.

ఆ ఆదివారం, “గంతే కాదు” అన్నాక ఇదంతా చెప్పేశాను. శ్రావణి వింటుండగానే. అమ్మ చెప్పుల సంగతి కూడా. అన్న తన కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“నువ్వు పదేండ్ల పోరివి. నీకేం యాదికుంటది” అన్నాడు.

“మంచిగ యాదికున్నది అన్నా.”

“వద్దు చెల్లె. ఆశపడి పడ్డ అనుకునే గిన్నేండ్లు ఎల్లదీసిన. నాది నేనే జేసుకున్న అనుకుంటె నిద్ర పట్టేది. గిప్పుడు గా మాట గుంజుకోకు.”

కళ్లు తుడుచుకుని పిల్ల వైపు తిరిగాడు. “ఒక్కటే ఆడు బిడ్డా. ఫుట్‌బాల్ కాళ్లు తింటది, అది ఇడిసిపెట్టు.”

శ్రావణి నా ముఖం చూసింది. రెండూ ఆడమని చెప్పాలనే నోరు తెరిచాను. ఆయన చెయ్యి దాని నెత్తిమీద ఉంది. పిల్ల ఆయన చెయ్యి తీసెయ్యలేదు.

మరునాడు పొద్దున శ్రావణి నాకంటే ముందే లేచి తయారై, బడికి పోయి, బాస్కెట్‌బాల్‌కు మాత్రమే పేరు రాయించింది.