రెండో తుమ్ము

మా ఊరి మట్టికొట్టును బుధవారం పడగొడతారని తెలిసి, ఆ ఉదయం ఆరున్నరకు ఒంగోలులో బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం, నాకు నూట పది. పక్కసీటు ఆవిడ నా టిక్కెట్టు చూసి జాలిపడింది.

"ఎందాకా బాబాయ్?"

"గోడ మీద నా పేరుందమ్మా. చూసొద్దామని."

ఆవిడ కిటికీ వైపు జరిగి కూర్చుంది.

ఎనిమిదిన్నరకు చిలకలూరిపేటలో దిగాను. ఇడ్లీ బాగాలేదు, పచ్చడి బాగుంది. ఆటోలో ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర.

చూడబోయేవాళ్ల కోసం చెబుతున్నాను. అది పచ్చి ఇటుకలతో కట్టిన మిరపకాయల కొట్టు. వయసులో ఉండగా అందులోకి బస్తాలు మోశాను. ఆ ఘాటు గోడల్లోకి ఇంకిపోయింది. కాయలు ఖాళీ చేశాక రిజిస్ట్రారు ఆఫీసు పెట్టారు. సంతకం వేళకు ఎవరో ఒకరు తుమ్మేవారు, పొలం కొనేవాడు లేచి వెళ్లిపోయేవాడు. కల్యాణ మండపం చేశారు. పొరుగూరి పెళ్లికొడుకు తాళి పట్టుకునే తుమ్మాడు. ఇక దేనికీ పనికిరాదని, బస్తాలు మోసే మాకు సాయంత్రపు బడి పెట్టారు. మా ముక్కులు ఎప్పుడో చచ్చాయి, తుమ్మే గొడవ లేదు. ఊరి పురోహితులు పంతులుగారే చదువు చెప్పారు. యాభై ఎనిమిదో ఏట నా పేరు మొదటిసారి ఆ గోడ మీదే మేకుతో రాశాను.

పది గంటలకు, పంతులుగారూ నాతో బస్తాలు మోసిన ఊరివాళ్లూ చూస్తుండగా, పొక్లెయిన్ గోడను తాకింది. దుమ్ము లేచింది. డ్రైవరు తుమ్మాడు. ఒక్కటే. ఇంజను ఆపి, దిగి, నీళ్లు తాగి కూర్చున్నాడు.

"ఏరా, రెండోది కూడా తుమ్మెయ్! రెండైతే దోషం లేదుగా!" అన్నాడు కాంట్రాక్టరు.

"రావట్లేదండి."

"సూర్యుణ్ణి చూడు."

చూశాడు. పొడుం పీల్చాడు. కళ్లనీళ్లొచ్చాయి గానీ తుమ్ము రాలేదు.

"పంతులుగారూ, రెండోది ఇంకొకరు తుమ్మితే చెల్లుద్దా?" అనడిగాడు కాంట్రాక్టరు.

పంతులుగారు ఊరివాళ్ల ముక్కులన్నీ ఒకసారి చూసి, "ఇక్కడే తుమ్మితే చెల్లుతుంది" అన్నారు.

ఆయనకు తెలియనిదొకటుంది. పదేళ్ల ఒంగోలు గాలికి నా ముక్కు మళ్లీ బతికింది. సరిగ్గా అప్పుడే కొసన గిలి మొదలైంది.

"పెద్దాయనా, మీ ముక్కు అదురుతోంది!" కాంట్రాక్టరు పరుగున వచ్చాడు. "తుమ్మండి బాబూ, పుణ్యముంటుంది!"

నీ బోడి పుణ్యం అందామంటే, నోరు తెరిస్తే తుమ్మొస్తుంది. తువ్వాలు ముక్కుకు బిగించి, నా పేరైనా చూసుకోకుండా ఆటో ఎక్కాను. పొలిమేర దాటాక ఏడుసార్లు తుమ్మాను. ఆటోవాడు బండి ఆపేశాడు.

"పోనియ్యరా, ఇవన్నీ అక్కడివి!" అన్నాను.

పన్నెండింటికి పేటలో ఒంగోలు బస్సెక్కాను. పంతులుగారు ఫోను చేశారు.

"ఎంత పని చేయబోయావయ్యా! అక్కడున్నవాళ్లలో తుమ్మేవాడు లేడనేగా అలా చెప్పాను! మిషను వెళ్లిపోయిందిలే. మంచిరోజు చూసి వస్తారట."

"ఎప్పుడుందండీ మంచిరోజు?"

"పంచాంగం నా దగ్గరే ఉందిగా" అన్నారు.

కాబట్టి చూడాలనుకునేవాళ్లు తొందరపడక్కర్లేదు. తలుపు పక్కన, నడుమెత్తులో నా పేరుంటుంది. తువ్వాలు మాత్రం తీసుకెళ్లండి.