నత్తగుల్లలో ఎముక

రాఘవేందర్ మౌలాలి రైల్వే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు. ఇంజన్లు రొద పెట్టే చోట నోటితో పనేముంది? స్పానరు కావాలన్నా సైగే, చాయ్ కావాలన్నా సైగే. ఆ అలవాటే అతని కొంప ముంచింది.

పోయిన ఎండాకాలం మెదడు పొరలకు వాపు వచ్చి, పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. రెండు చెవులూ పోయాయి. "నీరసం, వినికిడి అదే వస్తది తీయ్" అన్నారు తోటివాళ్లు, అదీ సైగలతోనే. డ్యూటీలో చేరితే ఏ అడ్డూ రాలేదు. ఇక తొందరెవరికి? భార్య ప్రేమమణి ఒక్కతే డాక్టరుకు చూపించుకొమ్మని మొత్తుకుంది. ఆ మొత్తుకోలూ వినబడలేదు పాపం! ఏడు నెలలు గడిచాయి.

సికింద్రాబాదులో చెవి డాక్టరు స్కాను చూసి నిట్టూర్చాడు. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి గది ఉంటుంది. అందులో నీరుండాల్సిన చోట ఎముక పెరిగిపోయింది.

"మొదటి నెలలోనే వచ్చుంటే చెవిలో పెట్టే వినికిడి మిషన్ తీగ మొత్తం లోపలికి పోయేదమ్మా. ఇప్పుడు ఎముక తొలిచి, పోయినంత పోనిస్తాం" అన్నాడు.

ప్రేమమణి అది కాగితం మీద రాసి చూపించింది. రాఘవేందర్‌కు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషన్‌లో, తీగ మీద శబ్దాన్ని నరానికి అందించే ఇరవై రెండు ఎలక్ట్రోడ్లలో ఎనిమిదే లోపలికి పోయాయి. నెల తర్వాత మిషన్ ఆన్ చేసే రోజున ప్రేమమణి పట్టుచీర కట్టుకొచ్చింది. ఆడియాలజిస్టు అనుపమ కంప్యూటర్‌లో ఏదో నొక్కి, మాట్లాడమని ఆమెకు సైగ చేసింది.

ఆమె పెదవులు చూడొద్దని రాఘవేందర్ కళ్లు మూసుకున్నాడు. పంతొమ్మిదేళ్లు విన్న గొంతు రాలేదు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు ఏదో గలగల. అంతలోనే ఆగింది.

"నీ గొంతు కాదే" అన్నాడు కళ్లు తెరిచి. "ఏందో గలగలమంటుంది. నువ్వు మాట్లాడితే షురూ అయితది, ఆపితే ఆగుతది. గంతే."

ఆమె ముఖం వాడిపోయింది. అతనికి అయ్యో అనిపించాలి, అనిపించలేదు.

"మల్ల కళ్లు మూసుకుంట. జెర మాట్లాడు" అన్నాడు.

గలగల మొదలైంది. నల్లా నీళ్ల సంగతో, పక్కింటి పుష్పమ్మ సంగతో, ఒక్క ముక్కా తెలియలేదు. కాసేపటికి అది మధ్యలో తెగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తెగింది.

"ఏడ్వకే" అన్నాడు రాఘవేందర్, కళ్లు తెరవకుండానే.